ఎక్కడిదాకా చదివాం?

మా ఇంట్లో 1977 నాటి చందమామల బైండు ఒకటి ఉంది. ఏడాది తిరగ్గానే పన్నెండు సంచికలనూ వరసపెట్టి, బైండింగ్ చేసేవాళ్లకిచ్చి, కాలికో అట్ట వేయించి తెచ్చుకోవడం ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. మా బైండులో మాత్రం పదకొండే ఉన్నాయి. అట్ట తెరవగానే లోపలి తెల్లకాగితం మీద అమ్మ నీలిసిరాతో రాసిన రెండు మాటలు కనిపిస్తాయి: "ఆగస్టు లేదు."

ఆ ఏడాది చందమామలో 'మాయాసరోవరం' సీరియల్ నడుస్తోంది. ఆగస్టు సంచికను చుట్టాలెవరో బస్సులో చదువుకుంటామని పట్టుకెళ్లారు, అది మళ్లీ ఇల్లు చేరలేదు. జూలై భాగం ఎక్కడో ఆగింది, సెప్టెంబరు భాగం మరెక్కడో మొదలైంది. ఆ మధ్యలో జయశీలుడికీ సిద్ధసాధకుడికీ ఏం జరిగి ఉంటుందో నేనూ అన్నయ్యా డాబా మీద పక్కలేసుకుని పడుకుని రాత్రుళ్లు చెప్పుకునేవాళ్లం. నలభై నాలుగేళ్ల తరవాత పాత చందమామల స్కాన్లు చేతికి వచ్చినప్పుడు ఆ ఆగస్టు సంచిక తెరిచాను. నాకు కళ్లకు కట్టినట్టు గుర్తున్న ఘట్టం అందులో లేదు. అది అన్నయ్య అల్లిన ఘట్టం. అచ్చులో చదివానని ఇన్నేళ్లూ నమ్ముతూ వచ్చాను. అమ్మ రాసిన ఆ రెండు మాటలే లేకపోతే ఇప్పటికీ అదే నమ్మేవాణ్ణి, ఎవరడిగినా ఒట్టేసి చెప్పేవాణ్ణి.

చదివినదాన్నీ, విన్నదాన్నీ, ఊహించుకున్నదాన్నీ మనసు ఒకే గంపలో వేస్తుంది. పాఠ్యపుస్తకాల విషయంలో ఇది పెద్ద ఇబ్బంది కాదు, మళ్లీ తెరిచి చూసుకోవచ్చు. పత్రికల్లో చదివిన కథలకూ, ఏళ్ల తరబడి సంపుటాలుగా వచ్చే ఫాంటసీ నవలలకూ ఆ వీలు తక్కువ. అందుకే ఈ అధ్యాయంలో ఈ రెండు రకాల చదువు గురించే మాట్లాడతాను. వీటికి లెక్క ఎలా రాసుకోవాలో, ఏది రాయాలో, ఏది రాయక్కర్లేదో నాకు ఉపయోగపడిన పద్ధతి చెబుతాను.

ముందు ఒక సందేహం తీర్చాలి. డైరీలో పుస్తకాల పేర్లు రాసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల జాబితాలు చూస్తే గొప్ప నవలలు, జీవితచరిత్రలు, తత్త్వగ్రంథాలు ఉంటాయి. వారపత్రికలో చదివిన కథ ఉండదు. మాంత్రికుల నవల ఉండదు. అవి "కాలక్షేపం" కింద జమ. ఈ తూకం తప్పని నా అభిప్రాయం. గొప్ప నవల రేపు కూడా షాపులో దొరుకుతుంది, ఎల్లుండి కొత్త ముద్రణ వస్తుంది. పత్రికలోని కథ ఆ వారంతో పాత పేపర్లవాడి త్రాసులోకి వెళుతుంది. రాసుకోవలసిన అవసరం దేనికి ఎక్కువ? ఇక ఫాంటసీ మాటకొస్తే, టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదటి సంపుటం ఇంగ్లండులో వెలువడింది 1954లో. అదే ఏడాది మన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క' మొదలైంది. ఆ తరవాత 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' ఇలా పాతికేళ్లపాటు డజను సీరియళ్లు వచ్చాయి. తెలుగు దేశంలో రెండు తరాల పిల్లలు నెలనెలా ఎదురుచూసి చదవడం నేర్చుకున్నది వీటితోనే. మనిషిని చదువరిని చేసిన పుస్తకాన్ని జాబితాలోంచి తీసేస్తే ఆ జాబితా మన చదువు చరిత్ర ఎలా అవుతుంది?

కాబట్టి మొదటి సలహా: సిగ్గుపడకుండా రాయండి. చదివింది మీరు, కళ్లు మీవి, సమయం మీది.

పత్రికల సంగతి ముందు చూద్దాం. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. "ఫలానా పత్రిక, ఫలానా వారం సంచిక చదివాను" అని రాస్తారు. మూడు నెలలు గడిచాక ఆ వాక్యం ఏ పనికీ రాదు. ఒక సంచికలో మూడు కథలు, రెండు సీరియళ్లు, వంటల పేజీ, వారఫలాలు, ప్రశ్నలూ జవాబులూ ఉంటాయి. వాటిలో మీకు పట్టినది ఏది? పత్రిక చదువుకు కొలమానం సంచిక కాకూడదు, అందులోని రచన కావాలి. ఒక సంచికలో ఒక్క కథే మీ మనసులో నిలిస్తే ఆ ఒక్కటే రాయండి. ఏదీ నిలవకపోతే ఏమీ రాయకండి. అది మీ తప్పూ కాదు, పత్రిక తప్పూ కాదు.

ఏం రాయాలన్నదానికి మనకు శ్రీకాకుళంలో ఒక పెద్ద బడి ఉంది. కాళీపట్నం రామారావు గారు, మనం కారా మాస్టారు అని పిలుచుకునే కథకుడు, తనకొచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి కట్టించిన కథానిలయం 1997 ఫిబ్రవరి 22న తెరుచుకుంది. తెలుగులో వచ్చిన ప్రతి కథనూ ఒక్కచోట చేర్చాలన్నది దాని సంకల్పం. ఆలోచించి చూడండి, తెలుగు కథ ప్రధానంగా పత్రికల్లో పుట్టింది. సంపుటాలుగా పుస్తకరూపం పొందినవి అందులో కొంత భాగమే. మిగిలినదంతా వారపత్రికల్లో, మాసపత్రికల్లో, ఉగాది సంచికల్లో, దీపావళి ప్రత్యేక సంచికల్లో, చిన్న ఊళ్ల నుంచి నాలుగు సంచికలు వచ్చి ఆగిపోయిన పత్రికల్లో చెదిరి ఉంది. దాన్నంతా వెదికి పట్టుకోవాలంటే ఒక్కో కథకు కొన్ని ఆనవాళ్లు కావాలి. కథానిలయం సూచి చూస్తే అవి ఏమిటో తెలుస్తాయి: కథ పేరు, రచయిత పేరు, పత్రిక పేరు, సంచిక తేదీ. ఈ నాలుగూ ఉంటే యాభై ఏళ్ల కిందటి కథను కూడా ఇవాళ వెదికి తీయవచ్చు. ఒక్కటి తగ్గితే వెదుకులాట కష్టమవుతుంది, రెండు తగ్గితే దాదాపు అసాధ్యం.

మన నోటుపుస్తకానికి కూడా ఈ నాలుగు గడులే పునాది. ఇందులో ఎక్కువమంది వదిలేసేది సంచిక తేదీ. చదివిన తేదీ వేస్తారు, సంచిక తేదీ మరిచిపోతారు. మీరు ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీదో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో పాత పత్రిక కొని చదివారనుకోండి, మీరు చదివిన తేదీకీ ఆ కథ పుట్టిన తేదీకీ మధ్య నలభై ఏళ్ల దూరం ఉండవచ్చు. రెండూ రాయండి. చదివిన తేదీ మీ జీవితం గురించి చెబుతుంది, సంచిక తేదీ కథ జీవితం గురించి చెబుతుంది.

రచయిత పేరు విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. అచ్చులో ఎలా ఉందో అలాగే దించుకోండి, మీకు అసలు పేరు తెలిసినా సరే. తెలుగు పత్రికల్లో కలం పేర్లు తక్కువేం కాదు. 'ఇల్లాలి ముచ్చట్లు' శీర్షిక కింద పురాణం సీత అని కనబడేది, రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు. బీనాదేవి అంటే ఒక స్త్రీ అనుకుంటే పొరపాటు, భగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులు కలిసి పెట్టుకున్న పేరది. మీరు అసలు పేరు రాసుకుని పదేళ్ల తరవాత సూచీలో వెదికితే ఆ పేరు కింద అది దొరక్కపోవచ్చు. అచ్చయిన పేరు ముందు రాసి, తెలిసిన పేరు పక్కన రాయండి.

చందమామలో సీరియళ్ల కింద అసలు పేరే ఉండేది కాదు. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1952 నుంచి యాభై ఏళ్లకు పైగా ఆ పత్రికలో పనిచేశారు. లక్షలమంది పిల్లలు ఆయన్ను చదివారు, ఆయన ఉన్నారన్న సంగతి తెలియకుండానే. పెద్దయ్యాక ఆ పాఠకులే ఆయన పేరు వెదికి తెలుసుకున్నారు, సీరియళ్లను పుస్తకాలుగా తెచ్చుకున్నారు. చిన్ననాటి నోటుపుస్తకంలో "రచయిత" గడి ఖాళీగా వదిలి, ముప్ఫై ఏళ్ల తరవాత ఆ పేరు రాయగలిగితే కలిగే తృప్తి నాకు తెలుసు. అందుకే తెలియని గడిని కొట్టేయకండి, అడ్డగీత పెట్టకండి. ఖాళీగా ఉంచండి, ఎప్పుడో నిండుతుంది.

ఈ నాలుగు గడుల తరవాత అయిదో గడి మీది. అందులో కథాసారం రాయొద్దు. ఒకటి రెండు వాక్యాల్లో ఆ కథలో మీకు మిగిలినదేదో రాయండి. ఒక దృశ్యం కావచ్చు, ఒక మాట కావచ్చు, ఒక మనిషి కావచ్చు. "బాగుంది" అన్న మాటను మాత్రం ఈ పుస్తకంలోకి రానివ్వకండి. నా పాత నోటుబుక్కుల్లో ఆ మాట ఉన్న వరసలన్నీ ఇవాళ నాకు మూగవి. "చివర ఆ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తుంది" అని రాసుకున్న వరస చూడగానే కథ మొత్తం తిరిగొస్తుంది. మరుసటి రోజు ఉదయం రాయడం ఇంకా మంచిది. రాత్రి చదివినప్పుడు ప్రతి కథా గొప్పగానే అనిపిస్తుంది. పొద్దున కాఫీ తాగుతున్నప్పుడు కూడా వెంట ఉంటే అది రాయదగ్గ కథ.

కొన్ని పత్రికలు ఈ లెక్కకు అంత తేలిగ్గా లొంగవు. 1978లో మొదలై 2021లో ఆగిపోయిన 'చతుర' నెలకొక పూర్తి నవల ఇచ్చేది. అది పత్రికా, నవలా? నేను దాన్ని నవలగానే రాసుకుంటాను, పక్కన సంచిక నెల వేస్తాను. దాని జంట పత్రిక 'విపుల'లో ఇతర భాషల కథలు అనువాదమై వచ్చేవి. అక్కడ అనువాదకుల పేరు కూడా తప్పకుండా రాయాలి. ఒక భాషలోని కథను మీ దాకా మోసుకొచ్చిన మనిషి పేరు వదిలేయడం న్యాయం కాదు. పైగా మంచి అనువాదకుడి పేరు గుర్తుంటే అదే పేరు పట్టుకుని ఇంకో పది మంచి కథలు చేరుకోవచ్చు. వెబ్ పత్రికల విషయంలో లింకు ఒక్కటే దాచుకుని ఊరుకోకండి. లింకులు చచ్చిపోతాయి. 1998 నుంచి వస్తున్న 'ఈమాట' లాంటివి పాత సంచికలను జాగ్రత్తగా నిలుపుకుంటున్నాయి, కానీ ఒక రోజున పేజీ తెరిస్తే ఖాళీ తెర కనిపించిన వెబ్ పత్రికలు కూడా నాకు తెలుసు. కథ పేరు, రచయిత, పత్రిక, నెల మీ చేతిరాతలో ఉంటే లింకు పోయినా దారి పోదు.

ఇక ఫాంటసీ నవలలు. ఇక్కడ ఇబ్బంది వేరు. పుస్తకం ఎక్కడికీ పోదు, అలమారలోనే ఉంటుంది. మనమే పోతాం. మొదటి సంపుటం చదివి రెండోది తెరిచేలోపు ఆ లోకంలో దారి తప్పిపోతాం.

రాబర్ట్ జోర్డన్ 'వీల్ ఆఫ్ టైమ్' పద్నాలుగు సంపుటాలు, నలభై లక్షలకు పైగా మాటలు. రచయిత 2007లో కన్నుమూస్తే చివరి మూడింటినీ ఆయన రాసి ఉంచిన నోట్సు ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ పూర్తిచేశారు. 1990లో మొదలుపెట్టిన పాఠకుడు చివరి పేజీ చేరేసరికి 2013 వచ్చింది. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ సింహాసనాల కథలో అయిదో సంపుటం 2011లో వచ్చింది, ఆరో సంపుటం కోసం పాఠకులు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. ఇన్నేళ్ల ఎడంలో ఎవరు ఎవరికి తమ్ముడు, ఏ కోటలో ఎవరు బందీ, ఎవరి రహస్యం ఎవరికి తెలుసు అన్నది ఎవరికి గుర్తుంటుంది? చాలామంది రెండో సంపుటంలో యాభై పేజీలు చదివి, ఏమీ అర్థం కాక, మొదటిదాన్ని మళ్లీ చదవడానికి ఓపిక లేక ఆ సీరీస్‌నే వదిలేస్తారు. పుస్తకం నచ్చక వదిలినవాళ్ల కంటే ఇలా దారి తప్పి వదిలినవాళ్లే ఎక్కువని నా అనుమానం.

దీనికి విరుగుడు మన పత్రికలే ఎప్పుడో కనిపెట్టాయి. ప్రతి సీరియల్ భాగానికీ ముందు నాలుగు వాక్యాల "జరిగిన కథ" ఉండేది. చందమామలో అయితే భాగం మొదట్లోనే బ్రాకెట్లలో, క్రితం నెల ఎక్కడ ఆగిందో, ఎవరు ఏ ప్రమాదంలో ఉన్నారో క్లుప్తంగా చెప్పి కథలోకి దింపేవారు. నెల రోజులు గోళీలాటలో, పరీక్షల్లో మునిగి తేలిన పిల్లవాడికి ఆ నాలుగు వాక్యాలు చాలు. ఆ పద్ధతిని ఇంటికి తెచ్చుకోండి. సంపుటం పూర్తయిన రోజే, ఇంకా వేడి చల్లారకముందే, మీ "జరిగిన కథ" మీరే రాసుకోండి.

ఎలా రాయాలో వివరంగా చెబుతాను, ఈ అధ్యాయంలో అన్నిటికంటే పనికొచ్చే అలవాటు ఇదే కాబట్టి. ఒక పేజీ చాలు, రెండో పేజీకి వెళ్లొద్దు. మొదట మనుషులు: ముఖ్యమైనవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు. వాళ్ల పుట్టుపూర్వోత్తరాలు అక్కర్లేదు, చివరి పేజీ దగ్గర ఏ ఊళ్లో, ఎవరితో, ఏ స్థితిలో ఉన్నారో రాస్తే సరిపోతుంది. తరవాత రహస్యాలు: పాఠకుడికి తెలిసి పాత్రలకు తెలియనివి, ఒక పాత్రకు తెలిసి మరో పాత్రకు తెలియనివి. ఫాంటసీలో కథ నడిచేది చాలావరకు వీటి మీదే, మనం ముందుగా మరిచిపోయేదీ వీటినే. ఆ తరవాత వస్తువులు: కత్తి, ఉంగరం, తాయెత్తు, మంత్రదండం, పటం, ఏదైనా సరే, ఎవరి దగ్గర ఉంది. చివరగా ఆ లోకపు కట్టుబాట్లు: మంత్రం ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చేయదు, దాని మూల్యం ఏమిటి. మంచి ఫాంటసీ రచయిత ఈ కట్టుబాట్లను తానే ఉల్లంఘించడు, అందుకే అవి రాసి పెట్టుకుంటే తరవాతి సంపుటంలో రాబోయే మలుపును ముందే పసిగట్టే ఆనందం కూడా దక్కుతుంది. పేజీ అడుగున ఒక ప్రశ్న రాయండి: ఈ కథలో నాకు ఇప్పుడు అన్నిటికంటే తెలుసుకోవాలని ఉన్నది ఏమిటి? అయిదేళ్ల తరవాత ఆ ప్రశ్న చదివితే, ఆ రోజు పుస్తకం మూసినప్పటి ఆత్రం మళ్లీ వస్తుంది. చదువుకు దాన్ని మించిన ఇంధనం లేదు.

పేర్ల పట్టిక వేరుగా, పుస్తకం చదువుతున్నప్పుడే రాసుకోవాలి. ఒక చీటీ మడిచి పేజీల మధ్య పెట్టుకోండి. పేరు, పక్కన మూడు మాటలు. కొత్త మనిషి రాగానే రాయక్కర్లేదు, రెండోసారి కనిపించినప్పుడు రాయండి. ఒకే ఒక్కసారి వచ్చి పోయేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకు చీటీ మీద చోటు వృథా. ఒకే జంట మరో కథలో తిరిగి రావడం కూడా ఉంటుంది. చందమామ సీరియల్ 'రాతిరథం'లోని ఖడ్గవర్మ, జీవదత్తులు 'యక్షపర్వతం'లో మళ్లీ ప్రయాణమవుతారు. అలాంటప్పుడు పాత చీటీ కొత్త పుస్తకంలోకి మారుతుంది.

ఏ వరసలో చదివారో కూడా రాయాలి. సి. ఎస్. లూయిస్ నార్నియా నవలలు ఏడూ 1950 నుంచి 1956 దాకా ఏటా ఒకటి చొప్పున వచ్చాయి. అచ్చయిన వరసలో ఆరోది, కథాకాలం ప్రకారం మొదటిది. ఇప్పటి పెట్టెల్లో దాన్నే మొదటి పుస్తకంగా అమ్ముతున్నారు. అచ్చు వరసలో చదివినవాడికీ, కాలం వరసలో చదివినవాడికీ అనుభవం ఒకటి కాదు. నా మట్టుకు నేను అచ్చు వరసనే నమ్ముతాను. రచయిత ఏ గుట్టు ఎప్పుడు విప్పాలనుకున్నాడో ఆ వరసలోనే ఉంటుంది. టెరీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ నవలలు నలభై ఒకటి. వాటిని ఎక్కడి నుంచైనా మొదలుపెట్టవచ్చు, కానీ ఏవి చదివారో రాసుకోకపోతే షాపులో నిలబడి అట్టలు చూస్తూ అయోమయపడక తప్పదు.

యాప్‌లు వాడొచ్చా అని తప్పకుండా అడుగుతారు. వాడండి, వాటి హద్దులు తెలుసుకుని వాడండి. 2007లో మొదలై 2013 నుంచి అమెజాన్ చేతిలో ఉన్న గుడ్‌రీడ్స్ ఇంగ్లీషు ఫాంటసీకి బాగా పనికొస్తుంది, సీరీస్ వరస చూపిస్తుంది. తెలుగు పుస్తకాలకు వచ్చేసరికి ఒకే రచయిత పేరు ఇంగ్లీషు లిపిలో నాలుగు రకాలుగా ఉంటుంది. పత్రికలోని విడి కథకైతే ఆ అలమారలో సరైన చోటే ఉండదు. అవి పుస్తకం కోసం కట్టిన అలమారలు. మన పత్రికల చదువుకు లాంగ్ నోటుబుక్కు కానీ, కంప్యూటరులో సొంతంగా గీసుకున్న పట్టిక కానీ మేలు. పట్టికలో తెలుగు లిపిలోనే రాయండి. ఇవాళ తెలుగులో టైపు చేయడం కష్టం కాదు, వెదకడం అంతకంటే తేలిక.

యాప్‌లలో నాకు నిజంగా భయమనిపించేది ఏడాది లక్ష్యం. "ఈ ఏడు యాభై పుస్తకాలు" అని పెట్టుకున్నవాళ్లు డిసెంబరులో సన్నపాటి పుస్తకాలు వెదుక్కోవడం చూశాను. వెయ్యి పేజీల నవల వాళ్లకు శత్రువైపోతుంది. పత్రికలో కథ చదివితే లెక్కలోకి రాదు కాబట్టి అది చదవడమే మానేస్తారు. లెక్క రాసుకునేది చదువు కోసం. లెక్క పెరగడం కోసం చదివేటట్టయితే ఆ లెక్క చించేయడమే మంచిది.

చార్లెస్ డార్విన్ 1838 నుంచి 1860 దాకా, ఇరవై రెండేళ్లపాటు, చదువుల నోటుబుక్కులు నడిపాడు. వాటిలో రెండు జాబితాలున్నాయి: చదివినవి, చదవాల్సినవి. నేను వీటికి మూడోది చేరుస్తాను: వదిలేసినవి. సగంలో ఆపిన నవల పేరు, ఎన్నో పేజీ దగ్గర ఆపానో, ఎందుకు ఆపానో ఒక్క వాక్యం. "యుద్ధాలు విసుగొచ్చాయి", "అమ్మ ఆస్పత్రిలో ఉంది, మనసు నిలవలేదు", "అక్షరాలు మరీ చిన్నవి". ఈ మూడు కారణాల్లో మొదటిది ఒక్కటే పుస్తకానికి సంబంధించినది. మిగతా రెండు పుస్తకాలూ మళ్లీ తెరవదగ్గవి. కారణం రాయకపోతే మూడూ ఒకే అపకీర్తితో అలమార అడుగుకు చేరతాయి. అమ్మ ఆస్పత్రిలో ఉన్న నెలల్లో ఆపిన ఒక పెద్ద నవలను ఏడేళ్ల తరవాత ఆ వాక్యం చూసే తెరిచాను, పది రోజుల్లో పూర్తిచేశాను.

ఎప్పుడు రాయాలి? నోటుబుక్కు దిండు పక్కనే ఉంటే రెండు నిమిషాల పని. అలమారలో ఉంటే ఎప్పటికీ కాని పని. మన ఇళ్లలో పాల లెక్క ఎందుకు తప్పేది కాదో గుర్తుచేసుకోండి. కాలెండరు వంటింటి గోడకే వేలాడుతుండేది, పెన్సిలు దానికే దారంతో కట్టి ఉండేది, పాలు పోయించుకున్న చేత్తోనే గీత గీసేవాళ్లు. పెన్సిలు వెదుక్కోవలసి వస్తే ఆ లెక్క మూడో రోజుకే ఆగిపోయేది. మీ నోటుబుక్కుకూ ఒక పెన్ను కట్టేయండి. మధ్యలో రెండు నెలలు మానేస్తే ఆ రెండు నెలలనూ పూడ్చడానికి కూర్చోకండి. అలా కూర్చున్నవాళ్లు ఎక్కువమంది అలవాటునే మానేస్తారు. ఆ రెండు నెలల చోట గీత గీసి ఇవాళ్టి నుంచి మొదలుపెట్టండి. "మే, జూన్ లేవు" అని రాస్తే అదీ నిజమైన లెక్కే.

నెలకొక ఆదివారం మాత్రం ఒక గంట కేటాయించండి. ఆ నెల పత్రికలు తిరగేసి, మీరు వరస రాసుకున్న కథల పేజీలు విడదీసి, ఒక ఫైలులో పెట్టండి. తక్కినవి పాత పేపర్లవాడికి నిశ్చింతగా ఇవ్వండి. అన్నీ దాచుకోవాలని చూస్తే ఇల్లు చాలదు, ఇంట్లోవాళ్లతో తగువు తప్పదు, ఆఖరికి ఒక రోజున అన్నీ కలిపి పోతాయి. అన్నీ దాచే పనికి వేటపాలెంలో 1918 నుంచి నడుస్తున్న సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలున్నాయి. పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వెళతారు. మీ దగ్గర నాలుగు గడులూ నిండి ఉంటే, అలాంటి చోట బల్ల ముందు కూర్చుని ఫలానా పత్రిక, ఫలానా తేదీ అని అడగగలరు. "ఎప్పుడో చిన్నప్పుడు చదివాను, అందులో ఒక ముసలామె ఉంటుంది" అంటే ఎంత మంచి లైబ్రేరియన్ అయినా ఏం చేయగలడు?

మొదటి రోజు ఏం రాయాలో తోచకపోతే ఈ వారం చదివిన కథ దగ్గర మొదలుపెట్టనక్కర్లేదు. చిన్నప్పుడు చదివి, పేరు మరిచిపోయి, ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తొచ్చే కథ ఒకటి మీకు తప్పకుండా ఉంటుంది. దానికి మొదటి వరస ఇవ్వండి. అయిదో గడి నింపి మిగతా నాలుగూ ఖాళీగా వదలండి. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. అన్నయ్యనో అక్కనో అడగండి, వాళ్లకు పత్రిక పేరు గుర్తుండవచ్చు. ఆ గడులు నిండడానికి నెల పట్టవచ్చు, పదేళ్లు పట్టవచ్చు.

మా 1977 బైండులో అమ్మ రాసిన మాటల కింద నేనేమీ రాయలేదు. బైండు అమ్మది, ఆ లెక్క అమ్మది. నా నోటుబుక్కులో మాత్రం ఒక వరస ఉంది:

"మాయాసరోవరం, ఆగస్టు 1977 భాగం. దాసరి సుబ్రహ్మణ్యం (అచ్చులో పేరు లేదు). చందమామ. స్కాన్‌లో చదివింది 2021లో. డాబా మీద అన్నయ్య చెప్పిన ఘట్టం ఇందులో లేదు. అన్నయ్యకు ఫోన్ చేసి, అది మరోసారి చెప్పించుకుని రాసుకోవాలి."